పిల్లి కథ

నాను సీరియళ్లు కూకుని సూడను.
కూకునే ఖాళీ నాకేది?
డబ్బా రావట్లేదని ఫోనొస్తే
నిచ్చెన భుజానేసుకుని ఎల్తాను.
దాలప్పింట్లో మొదటి ముక్క,
కర్రి వారి డాబా మీద యాడ్లు,
పోస్టాఫీసు గొందిలో ఆఖరి ముక్క.
పదమూడేళ్లయింది.
కవిటిలో నాకు తెలీని అత్త లేదు.

ఏడున్నర సీరియలు మంచిదే, కాదనను.
కానీ ఒక సెంపదెబ్బకి మూడ్రోజులేటి?
సోమారం సెయ్యి లేస్తాది.
మంగళారం ఇంటిల్లిపాదీ తలకాయలు తిప్పుతారు,
ఉరుము ఉరుముతాది, కిటికీ అవతల ఎండ కాస్తంటాది.
బుధారానికి గానీ సెంప మీద పడదు.
మాయమ్మ కొడితే
ఏడుపు ముందొచ్చీసి సప్పుడు తర్వాత వచ్చీది.

ఎనిమిదింటి దాంట్లో కోడలు
పట్టుసీరతో పడుకుని నగల్తో లెగుస్తాది.
సరే, డబ్బున్నోళ్లు.
కానీ అంత మేడలో ఒక్క టీవీ లేదు, గమనించినారా?
కనెక్షను లేని ఇల్లు అలాగే ఉంటాది మరి,
ఒకల్నొకలు పీక్కు తింటారు.
ఆ పెద్దాడబడుసంటే మాత్రం నాకిష్టం.
దస్తావేజులు దాసీది, తలుపెనకాల నిలబడీది,
పాలల్లో మందు కలిపీది అన్నీ ఆయమ్మే.
మిగిలినోళ్లు ఒట్టినే ఏడుస్తారు.

మా మేనల్లుడు ఢిల్లేసు తుపాకీలాట ఆడతాడు.
ఇమానంలోంచి గొడుగేసుకుని దిగుతారు, ఓ దీవిలోకి.
నాలుగేపులా సముద్రం,
ఒక్క కొబ్బరిసెట్టు లేదు!
ఆ బొమ్మ గీసినోడు బీచీ సూసినట్టు లేడు.
పొలం ఆట మరీ అన్నేలం,
రెండు నిమిషాల్లో పంట, అడిగిన రేటు.
ఆ ఊళ్లో దళారీ లేడేట్రా అనడిగితే
మావా నీకు ఆట తెల్దు అన్నాడు.
బస్సాటొకటి ఉంది. అది ఆటంటే.
సేపల గంపతో ఎక్కీవోళ్లు లేరు,
సిల్లరకి తగువు లేదు.
రాత్రి అందరూ పడుకున్నాక
వాడి ఫోను తీసుకుని డిపోదాకా తోలొస్తాను.

తుఫానొచ్చిన ఏడు
స్తంభాలు వొంగిపోయి, తీగల మీద కొబ్బరిసెట్లు,
సెట్ల మీద సెట్లు.
ఇరవైమూడ్రోజులు కరెంటు లేదు, సిగ్నలు లేదు.
నీళ్ల ట్యాంకరు కాడ బిందె కింద పెట్టి దాలప్ప అడిగింది:
"ఒరే ముఖలింగం, ఆ పిల్ల పాలు తాగీసిందేట్రా?"
నాకేటి తెలుసు?
"లేదప్పా, పిల్లి తాగీసింది" అన్నాను.
"సచ్చిపోనాదా?"
ఎనకాల ఆయమ్మ తోట.
నలభై సెట్లూ తలకాయలు ఒకే దిక్కు పెట్టి పడుకున్నాయి.
"ఎందుకు సస్తాది? కక్కీసింది."

మర్నాడు లైన్లో నాకు సోటుంచినారు.
ఆడబడుసుకి పిల్లంటే బయమని సెప్పినాను.
ఐదో రోజు ఆయమ్మని రైలెక్కించి సోంపేటలో దింపీసినాను.
తొమ్మిదో రోజు మా ఊరే తెచ్చీసినాను,
పట్టుసీర ఎగ్గట్టించి రంపం పట్టించినాను.
సెంపదెబ్బలు ఎప్పటికప్పుడే,
ట్యాంకరు ఎల్లీలోగా అయిపోవాల.
బిందె నిండినా ఎవలూ కదిలీవోళ్లు కాదు.
డ్రైవరు హారన్ కొట్టడం మానీసి
"తర్వాతేటి?" అన్నాడు.

ఇరవైనాలుగో రోజు కరెంటొచ్చింది.
దాలప్పింటి ముందు సగం వీధి.
టీవీలో ఆ పిల్ల
ఇంకా గ్లాసు పట్టుకునే ఉంది.
పిల్లి లేదు.
"ఇదేట్రా, ఏదో రాంగ్ పెట్టినావు,
మనది పెట్టు" అంది దాలప్ప.

ఇప్పటికీ నెలకోసారి ఫోను సేస్తాది,
డబ్బా రావట్లేదురా అని.
ఎల్లి సూస్తే వైరు ఊడదీసుంటాది,
దుమ్ము మీద ఆయమ్మ ఏలిముద్రలు.
నానేటీ అనను.
వైరు సేత్తో పట్టుకుని, పెట్టకుండా, పీట మీద కూకుంటాను.
"ఎక్కడున్నామప్పా?"
"ఆడబడుసు పెసరట్టు పొయ్యడం నేర్సుకుంది కదరా,
అక్కడ."
"ఆఁ. ఆ రాత్రే పిల్లి ఈనింది.
మూడు."